ముందు గిన్నె కాదు, థర్మామీటర్

యాంకర్: నమస్కారం. బరంపురం స్టూడియోలో ఈ వారం చర్చ ఇంట్లో మాల్ట్ గింజ, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ నుంచి బీరు కాయడం గురించి. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఆ పని చేస్తే కేసే. మన అతిథి, బీరు కాచే బ్రూవర్, అదంతా అమెరికాలో చేసి వచ్చారు. రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, పర్లాకిమిడిలో చోడి (రాగి) మాల్ట్ చేసి అమ్మే అమ్మగారు కూడా మనతో ఉన్నారు.

బ్రూవర్: అక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటివాడకానికి దారి దొరికింది. నేను టెక్సాస్‌లో గ్యారేజీలో మొదలుపెట్టాను. ఒక పెద్ద గిన్నె, గుడ్డ సంచి, గ్యాస్ పొయ్యి. అంతే.

యాంకర్: సంచి ఎందుకండీ?

బ్రూవర్: 20 లీటర్ల బీరుకి నాలుగైదు కిలోల మాల్ట్ పడుతుంది. దాన్ని సంచిలో వేసి వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, పైకెత్తి పిండేస్తే వడకట్టే గిన్నె వేరే అక్కర్లేదు. గిన్నె మాత్రం 35 లీటర్లదైనా ఉండాలి. నేను 25 లీటర్లది కొని, నేలంతా జిగురు చేసుకున్నాను.

మాస్టారు: ఆ నానబెట్టేటప్పుడు వేడి 65 నుంచి 68 డిగ్రీల మధ్య నిలవాలి. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు అక్కడే బాగా పనిచేస్తాయి. ఆ చక్కెరని తిని ఆల్కహాల్ చేసేది తర్వాత కలిపే ఈస్ట్. వేడి ఇంకా పెరిగితే ఈస్ట్ తినే చక్కెర తగ్గిపోతుంది.

బ్రూవర్: నాకదే జరిగింది! చవక థర్మామీటర్ 66 చూపిస్తోంది, అసలు వేడి 74. ఈస్ట్ చక్కెర తిన్నకొద్దీ రసం పలచబడాలి; ఆ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.010 దగ్గరికి దిగాల్సింది 1.024 దగ్గరే ఆగిపోయింది. బీరు పానకంలా ఉంది. తర్వాత ఆ థర్మామీటర్‌ని ఐసునీళ్లలో పెట్టి చూస్తే సున్నా రావాల్సిన చోట మైనస్ ఎనిమిది! ఆ పరీక్ష మొదటిరోజే చేయాల్సింది.

అమ్మగారు: మాకు థర్మామీటర్ ఎక్కడిది బాబూ? చోళ్లు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి ఆడిస్తాం. చిక్కటి జావ కాచి దించాక, కాస్త ఆరనిచ్చి ఆ మొలకపిండి చెంచాడు కలిపితే చూస్తుండగానే పలచబడిపోతుంది. మరీ వేడి మీద వేస్తే మాత్రం పలచబడదు.

మాస్టారు: అదీ అదే ఎంజైము అమ్మా! మరిగే వేడికి చచ్చిపోతుంది.

యాంకర్: గింజ ఎక్కడ ఆడించాలి?

బ్రూవర్: ఇక్కడికొచ్చాక, ఈస్ట్ లేకుండా ఉత్త మాల్ట్ పానీయం చేద్దామని బార్లీ మాల్ట్ పట్టుకుని వీధి చివర పిండిమరకి వెళ్లాను. రవ్వగా ఆడమంటే, మనవాడు ప్రేమగా మెత్తటి పిండి చేసిచ్చాడు. సంచిలో ముద్దయిపోయి చుక్క కారలేదు. గింజ పగలాలి కానీ పొట్టు చెదరకూడదు, ఆ పొట్టే జల్లెడ.

యాంకర్: మరి డబ్బు దేనిమీద పెట్టాలి?

బ్రూవర్: పాత ఫ్రిజ్, దానికో టెంపరేచర్ కంట్రోలర్. మెరిసే స్టీలు గిన్నెలు తర్వాత. ఏల్ అనే రకం బీరుకి వాడే ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు కావాలి. 30 దాటితే పెయింట్ థిన్నర్ వాసన కొడుతుంది. ఈస్ట్ వేసే ముందు, కాచిన రసం చల్లార్చడానికి, లోపల కుళాయి నీళ్లు పారే రాగి కాయిల్ కొన్నాను. టెక్సాస్ ఎండలకి కుళాయి నీళ్లే వేడిగా వచ్చేవి, ఐసు బకెట్‌లో ఇంకో కాయిల్ పెట్టాల్సి వచ్చింది. బరంపురం మే నెలలోనూ అదే గొడవ.

మాస్టారు: చల్లారాక తగిలే ప్రతిదీ శుభ్రంగా ఉండాలి. నా లెక్కలో సగం పని గిన్నెలు తోమడమే.

యాంకర్: అనవసరంగా కొన్నది ఏదైనా ఉందా?

బ్రూవర్: పంపు. రెండుసార్లు వాడాను. ఇప్పుడు మేడమీద ఉంది.

అమ్మగారు: మొక్కలకి నీళ్లు పెట్టుకో బాబూ.