అలమర ఖాళీ అయితే తిట్లు తినేది సిస్టరమ్మ

అందరికీ నమస్కారం. సర్పంచులకు, ఎంపీటీసీలకు, టీచర్లకు, రిటైరైన పెద్దలకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు, అందరికీ. ముందుగా ఒక మనవి. వెనక గోడ దగ్గర నిలబడ్డ అమ్మలు ముందుకొచ్చి కూర్చోండి, మొదటి వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది మీ గురించే, మీరు నిలబడి ఉంటే నాకు మాట రాదు.

నేను ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, ఎక్కువగా పడమటి మండలాల్లో, పీహెచ్‌సీల్లో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టరుగా పనిచేశాను. ఒక రాత్రి సంగతి చెప్తాను. ఏ పీహెచ్‌సీ అన్నది చెప్పను, ఎందుకంటే ఆ ఊరివాళ్ళని తప్పు పట్టడానికి చెప్పడం లేదు.

సంక్రాంతికి రెండు రోజుల ముందు. బెంగుళూరులో బేల్దారి పని చేసుకునే మనిషి, నలభై ఏళ్ళు కూడా నిండినట్టు లేవు, పండక్కి ఇంటికొచ్చాడు. రాత్రి భోజనం చేసి లేవబోయి పడిపోయాడట. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది, కుడి చెయ్యీ కాలూ ఆడట్లేదు. ఆటోలో వేసుకుని వచ్చారు. డ్యూటీలో ఒక్క స్టాఫ్ నర్సు ఉంది. బీపీ చూస్తే పైన 230. నాకు ఫోన్ చేసింది, నేను వచ్చేసరికి పావుగంట పట్టింది, ఈలోపే ఆమె సెలైన్ సూది పెట్టి, ఆక్సిజన్ అందించి, 108కి ఫోన్ చేసింది. బండి ఇంకో కేసు మీద పోయి ఉంది. ఒంగోలు నుంచి తిరిగి రావాలి. మాకు సీటీ స్కాన్ లేదు, ఉండదు కూడా, పెద్దాసుపత్రికి పంపడం తప్ప పీహెచ్‌సీలో చేయగలిగింది తక్కువ. ఇది చెప్తే వినే పరిస్థితిలో వాళ్ళు లేరు. ఎట్టా ఉంటారు? ఇంటి మనిషి కళ్ళముందు పోతుంటే. ఒకాయన టేబుల్ మీదున్న రిజిస్టర్ తీసి సిస్టర్ ముఖం మీదకి విసిరాడు. "మీకు జీతాలెందుకే" అన్నాడు. ఇంకా చాలా అన్నారు, అవి ఈ మైకులో చెప్పే మాటలు కావు. బండి వచ్చింది, మనిషి దారిలోనే పోయాడు.

తెల్లారి ఆ రిజిస్టర్ని నేనే సర్దుతున్నాను, కుట్లూడి కాగితాలు విడిపోయాయి. అది ఎన్‌సీడీ రిజిస్టర్, బీపీ, షుగరు వాళ్ళ పేర్లు రాసేది. అందులో ఆ మనిషి పేరు ఉంది. ఆరు నెలల కిందట ఏదో పెళ్ళికి ఊరికొచ్చినప్పుడు మా ఏఎన్ఎం ఇంటికి వెళ్ళి బీపీ చూసింది. 170/110 అని రాసింది. పక్కన, మందు ఇచ్చిన గడిలో, "స్టాకు లేదు, బయట కొనుక్కోమని చెప్పాను" అని రాసి ఉంది.

ఈ ఒక్క లైను గురించే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నాను.

ఆ రోజు స్టాకు లేని బీపీ మాత్ర పేరు ఆమ్లోడిపిన్. జనఔషధి షాపులో ఒక్కో మాత్ర రూపాయి కూడా పడదు. ఇది ఎంత చిన్న ఖర్చో, లేకపోతే ఎంత పెద్ద ఖర్చో చూడండి. బీపీ అదుపులో లేకపోతే పోయేది మెదడు, గుండె, ఆపైన కిడ్నీలు. కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. కనిగిరి వైపు నుంచి ఒంగోలుకు బస్సులో వస్తే రెండు గంటలు, పోవడానికి రెండు గంటలు, మధ్యలో నాలుగు గంటలు మిషను మీద, తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. ప్రభుత్వం ఆ డయాలసిస్‌ని ఉచితంగా చేయిస్తోంది, పైన నెలకు 10,000 పింఛను ఇస్తోంది. ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి, అందులో ఒక్క రూపాయి తగ్గించమని ఏ డాక్టరూ అనడు. కానీ కిడ్నీ పోయాక నెలకు పది వేలు ఇవ్వగలిగిన ఖజానా, కిడ్నీ పోకముందు రోజుకు రూపాయి మాత్ర అలమరలో తప్పకుండా ఉండేట్టు ఎందుకు చూడలేకపోతోంది? నేను అడిగేది ఇది ఒక్కటే.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ నడుములే చెప్తాయి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే జబ్బు కనుక్కుని తొంభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడు అవే మండలాల్లో కిడ్నీ జబ్బులు కూడా కనపడుతున్నాయి. దానికి ఫ్లోరైడే కారణమని నేను ఖాయంగా చెప్పను. బీపీ ఉంది, షుగరు ఉంది, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పని ఉంది, నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగే బిళ్ళలు ఉన్నాయి. కీళ్ళ నొప్పులు ఫ్లోరైడ్ వల్ల, ఆ నొప్పికి బిళ్ళలు, ఆ బిళ్ళలతో కిడ్నీల మీద భారం, ఇట్టా ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది. దీన్ని ముందుగా పట్టుకోగలిగింది ఒంగోల్లోనో నెల్లూర్లోనో ఉండే పెద్ద ఆసుపత్రి కాదు. మీ వీధిలోకి వచ్చి, మీ ఇంటి అరుగు మీద కూర్చుని, "మామా, ఆ బిళ్ళలు ఎవురిచ్చారు, ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నావు" అని అడిగే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. చీమకుర్తి క్వారీల్లో దుమ్ము పీల్చే కూలీ దగ్గును ముందు వినేదీ వాళ్ళే.

డబ్బు సంగతికి వస్తాను. లెక్కలు విసుగనిపిస్తే క్షమించండి, రెండు మూడే చెప్తాను. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఏం చెప్పిందంటే, రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలి, ప్రభుత్వం ఆరోగ్యానికి పెట్టేదాంట్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలి, దేశం మొత్తం మీద ప్రభుత్వ ఖర్చు 2025కి జీడీపీలో 2.5 శాతానికి చేరాలి. దేశం లెక్క 2021-22లో, అదీ కోవిడ్ ఖర్చు కలిసిన ఏడాదిలో, 1.84 శాతం దగ్గర ఉంది. మన రాష్ట్రం 2025-26 బడ్జెట్ మొత్తం 3.22 లక్షల కోట్లు, అందులో వైద్యారోగ్యానికి 19,264 కోట్లు. భాగించి చూసుకోండి, 6 శాతం కూడా సరిగ్గా రాదు. ఇది ఒక్క ప్రభుత్వం చేసిన పని అని నేను అనను, పార్టీలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ఊళ్ళో క్లినిక్ బోర్డు మీద రంగు కూడా మారింది, ఆ 8 శాతం మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదంటే, అడిగేవాళ్ళు లేరు. పెద్ద ఆసుపత్రి కడితే శిలాఫలకం ఉంటుంది, రిబ్బను కట్ చేసే ఫొటో ఉంటుంది. బీపీ అదుపులో ఉండి పక్షవాతం రాని మనిషి ఫొటో ఏ పేపర్లో వేస్తారు? ఆయన రోజూ పొలం పోయి వస్తుంటాడు అంతే. రాని జబ్బు ఎవరికీ కనపడదు, అందుకే దానికి డబ్బు అడిగేవాళ్ళూ ఉండరు. కనుక చూసేవాళ్ళం మేమే అడగాలి. డాక్టర్లు రోడ్డెక్కితే జీతాల కోసం అనుకుంటారు. 2025లో పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు ఇన్‌సర్వీస్ పీజీ కోటా, అంటే ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా, ముఖ్యమైన డిమాండ్. అది మా స్వార్థం అని కొందరు అన్నారు. పల్లెలో పనిచేసిన డాక్టరుకు పైచదువుకు దారి ఉంటేనే కదా కొత్తగా చదివి వచ్చే పిల్లలు పల్లెకు వస్తారు, లేకపోతే ఎందుకు వస్తారు? ఆ డిమాండ్ న్యాయమైందే. కానీ మా సంఘాల్లోనూ నేను ఇదే చెప్పాను: మన కోటా గురించి ఎంత గట్టిగా అరిచామో, మందుల స్టాకు గురించి, ఖాళీగా ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు గురించి కూడా అంతే గట్టిగా అరవాలి. అప్పుడే జనం మన వెనక నిలబడతారు.

ఇక మర్యాద. నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఒక సబ్ సెంటర్ 5,000 మందికి, ఒక పీహెచ్‌సీ 30,000 మందికి. ఒక డాక్టరు 104 బండితో ఊళ్ళకు పోతే ఇంకొకరు ఓపీలో ఉండాలి. ఒకరు సెలవు పెడితే ఆ రోజు పని ఎట్టా జరుగుతుందో ఊహించుకోండి. ఏఎన్ఎంకి చూడాల్సిన మనుషుల కంటే నింపాల్సిన యాప్‌లు ఎక్కువయ్యాయి, హాజరుకు ముఖం చూపించే యాప్ ఒకటి, సిగ్నల్ లేని ఊళ్ళో అది పట్టదు, పట్టకపోతే జీతం టెన్షన్. ఆశా కార్యకర్తకు మన రాష్ట్రంలో నెలకు 10,000 గౌరవ వేతనం. గౌరవం అనే మాట ఆ వేతనం పేరులో ఉంది, ఆమెకి వీధిలో ఉందా అని మనం ఆలోచించాలి.

చట్టం లేక కాదు. మన రాష్ట్రంలో వైద్య సిబ్బంది మీద, ఆసుపత్రుల మీద దాడుల్ని ఆపడానికి 2008 నుంచే చట్టం ఉంది, 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 దాకా జరిమానా, పగలగొట్టిన సామానుకు రెండింతలు కట్టించడం కూడా ఉంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మకు జరిగిన ఘోరం తర్వాత, దాడి జరిగితే 6 గంటల్లోపు ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిదే అని కేంద్రం ఆదేశం ఇచ్చింది. ఇవన్నీ కావాలి. కానీ నేను చెప్పిన ఆ రాత్రి మేము కేసు పెట్టలేదు. సిస్టరే వద్దంది. "సార్, వాళ్ళింట్లో శవం ఉంది, పోలీసుల్ని ఎట్టా పంపుతాం" అంది. మూడు నెలల తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పోస్టు చాలా కాలం ఖాళీగానే ఉంది, రాత్రి కాన్పులు ఆగిపోయాయి, నొప్పులొచ్చిన ఆడపిల్లల్ని జీపుల్లో ఒంగోలు తీసుకుపోయారు. ఒక్క రాత్రి కోపానికి ఊరంతా ఎంత కట్టిందో నేను దగ్గరుండి చూశాను.

పీహెచ్‌సీ డాక్టరంటే ఇంకెక్కడా దొరక్క వచ్చినవాడని ఒక చిన్నచూపు ఉంది, మా డాక్టర్లలోనే ఉంది. మహారాష్ట్రలో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే ఆయన 1970లలో మహాడ్ దగ్గర బిర్వాడీ పీహెచ్‌సీలో డాక్టరు. అక్కడ ఎర్ర తేలు కుట్టి మనుషులు చచ్చిపోయేవాళ్ళు. ఆయన మంచం పక్కనే కూర్చుని ఒక్కో రోగిని రాత్రంతా చూసి, గుండె ఎట్టా దెబ్బతింటోందో రాసుకుని, తర్వాతి ఏళ్ళలో బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర దీనికి పనిచేస్తుందని తేల్చాడు. తీవ్రంగా విషం ఎక్కిన కేసుల్లో నూటికి ముప్పై నలభై దాకా ఉన్న చావులు ఒకటి దగ్గరికి తగ్గాయి. పేరున్న వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని వేసుకుంది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మన పొగాకు చేలల్లో, రాళ్ళ గుట్టల్లో తేలు కుట్టి వచ్చిన మనిషికి నేనిచ్చిన మాత్ర అదే. ఒక పీహెచ్‌సీలో పుట్టిన వైద్యం అది.

మా వైపు తప్పు కూడా చెప్పాలి, చెప్పకపోతే నా మాటకు విలువ లేదు. మాలో కొంతమంది పదింటికి వచ్చి పన్నెండింటికి పోతారు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన్ని పట్టుకుని "ఏం నీకు, ఎన్నాళ్ళ నుంచి" అని అడుగుతాం, మన తండ్రిని ఎవరైనా అట్టా అంటే ఊరుకుంటామా? "కూర్చోండి పెద్దాయనా" అనడానికి బడ్జెట్ అక్కర్లేదు. మందు లేకపోతే లేదని ముఖం మీద చెప్పి చీటీ విసరడం కాకుండా, ఎప్పుడొస్తుందో, ఈలోపు తక్కువకి ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. ఇక్కడున్న నర్సింగ్ పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి తల్లీ. మీరు మర్యాదగా మాట్లాడితే తిట్లు పడవని నేను హామీ ఇవ్వలేను, అయినా మాట్లాడాలి.

సర్పంచులకు ఒక పని చెప్తాను. ఈ వారంలో మీ ఊరి క్లినిక్‌కి వెళ్ళండి, ఫొటోగ్రాఫర్ లేకుండా. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఇండెంట్, అంటే మందులు కావాలని పైకి పంపే చీటీ, ఎప్పుడు పెట్టారో, ఎంత వచ్చిందో కూడా. పీహెచ్‌సీలో ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశం చివరగా ఎప్పుడు జరిగిందో అడగండి, అందులో మీ మండలం వాళ్ళూ సభ్యులే. ఏఎన్ఎంని గట్టిగా అడగొద్దు, లెక్క ఆమె చేతిలో ఉంటుంది కానీ స్టాకు ఆమె చేతిలో లేదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఆ కాగితాలన్నీ కలిపి ఒకే అర్జీగా ఇద్దాం. పొద్దున పదింటికి నేను గేటు దగ్గర ఉంటాను, ఎవరు ముందొస్తే వాళ్ళు ఆ చెట్టు కింద నిలబడండి.