నవంబరులో చచ్చిన మొక్కలు

అందరికీ నమస్కారం. ఎండను తట్టుకుని ఏళ్ల తరబడి పూసే మొక్కల గురించి మాట్లాడమని మన సంఘం పెద్దలు పిలిచారు. నేను వ్యవసాయశాస్త్రం చదివినవాణ్ని కాను. బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యాను. ముప్పయ్యేళ్లుగా ఈ చెన్నైలో మొక్కల్ని చంపిన అనుభవం మాత్రం దండిగా ఉంది.

2019 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. మన ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయాయి. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం కాచుకున్నాం. తాగడానికే కటకటగా ఉంటే గులాబీలకు ఎవరు పోస్తారు? అవి మాడిపోయాక, ఇక నీళ్లడగని మొక్కలే పెంచాలనుకున్నాను. ఎడారి గులాబీలు నాలుగు, గన్నేర్లు రెండు, ఒక కాగితం పూల తీగ తెచ్చి పెట్టాను. మరుసటి మే నెల కత్తిరి ఎండలో ఒక్కటీ తల వాల్చలేదు. వచ్చినవాళ్లందరికీ చూపించి మీసం దువ్వుకున్నాను. నవంబరు వచ్చింది. ఎడారి గులాబీలు నాలుగూ పోయాయి. మొదలు పట్టుకుని చూస్తే ఉడికిన చిలగడదుంపలా వేలు దిగబడింది.

మన ఊరి చిక్కంతా ఇక్కడే ఉంది. చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురిసిపోతుంది. అంటే ఇక్కడి మొక్క సగం ఏడాది ఒంటెలా, మూడు నెలలు బాతులా బతకాలి. కరువును తట్టుకునే మొక్కల్లో చాలావాటికి వేళ్ల దగ్గర గాలి ఆడాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

అందుకే మొక్క కొనేముందు మీ మట్టి చూసుకోండి. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఇసుక నేల. వాళ్లు అదృష్టవంతులు, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. అన్నానగర్, పశ్చిమ మాంబళం వైపు బంకమట్టి ఎక్కువ. అక్కడ గుంట తీసి నాటడమంటే గిన్నెలో నాటినట్టే. ఇసుక, ఇటుక ముక్కలు కలిపి జానెడు ఎత్తున గట్టు పోసి దాని మీద నాటండి. ఎడారి గులాబీని కుండీలోనే ఉంచి, తుపాను కబురు రాగానే చూరు కిందికి జరపండి. నాకు ఆ పాఠం నాలుగు మొక్కల ఖరీదు.

రెండో తప్పు మనందరిదీ. పొద్దున్నే కాఫీ తాగుతూ చెంబెడు నీళ్లు చల్లుతాం. పైపైన తడిస్తే వేరు పైపైనే తిరుగుతుంది. లోపలికి దిగాల్సిన అవసరం దానికేముంది? జులై, ఆగస్టుల్లో నాటండి. మొదటి ఏడాది వాన లేనప్పుడు వారానికోసారి మొక్క మొదట్లో నింపాదిగా బకెట్టు నీళ్లు పోయండి. పైన ఎండుటాకులో కొబ్బరి పీచో కప్పండి. రెండో వేసవికి అది మిమ్మల్ని పెద్దగా పట్టించుకోదు.

కాగితం పూల సంగతి ఇంకా విచిత్రం. నీళ్లు, పేడ ఎరువు ధారాళంగా ఇస్తే ఆకులే ఆకులు. ఆకు కాస్త వాడేదాకా ఆగి అప్పుడు పోస్తే విరగబూస్తుంది. రంగురంగులుగా కనబడేవి రేకులు కావు, రంగు మారిన ఆకులే. మధ్యనున్న చిన్న తెల్లది అసలు పువ్వు. బిళ్ళగన్నేరు గోడ పగుల్లోనైనా బతుకుతుంది. డిసెంబరు పూలు, నాచు పూలు కూడా మొండివే. సముద్రం పక్కన ఉప్పుబోరు ఉన్నవారికి గన్నేరు మేలు, కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టవద్దనే నా మాట.

నన్నడిగితే వీటన్నిటికన్నా తంగేడు మిన్న. దాన్ని నర్సరీల్లో వెతికి చూడండి, దొరకడం కష్టం. రోడ్డు పక్క పిచ్చిమొక్క కదా అని మనకు చిన్నచూపు. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు అలా అనరు, వారికది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. మా పక్కింటి తమిళ పెద్దావిడ దీన్ని ఆవారం అంటుంది. ఆవారం పూచి ఉండగా చచ్చినవాడెవడని వాళ్లలో ఒక సామెత. ఆవిడ ఆ పూలు ఎండబెట్టి టీ కాచుకుంటుంది. నేను మాత్రం చూసి ఆనందిస్తాను.

దీని వేరు లోతుకు పోతుంది కనుక పెరిగిన మొక్కను పెకలించి తెచ్చి నాటితే బతకదు. గింజ వేయాలి. గింజ పొట్టు మహా గట్టిది. గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, రాత్రంతా నానబెట్టి, నేరుగా అది ఉండబోయే చోటే నాటండి.

మా తంగేడు గింజలు పొట్లాలు కట్టి తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. పశ్చిమ మాంబళం వాళ్లు తీసుకునేముందు ఒకసారి నా దగ్గరికి రండి, గట్టు ఎలా పోయాలో కాగితం మీద గీసిస్తాను.