పడవలు ఆగిన బకింగ్‌హాం కాలువను ఏం చేయాలి?

వ్యాఖ్యాత: తిరుపతి స్టూడియో నుంచి చర్చా కార్యక్రమానికి స్వాగతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. దాంతో తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం మన జిల్లాలోకి వచ్చింది. అమ్మా, ముందుగా దీని చరిత్ర చెప్పండి.

చరిత్ర అధ్యాపకురాలు: మద్రాసు నుంచి ఉత్తరానికి 1806లో మొదలైన ఈ తవ్వకం విడతలుగా సాగింది. 1876–78 నాటి ధాత కరువులో, పిడికెడు గింజల కోసం పనికి వచ్చిన బీదలు దీన్ని ముందుకు తీసుకెళ్లారు. కాలువకు గవర్నరు పేరు పెట్టారు గానీ తట్టలు మోసినవారి పేర్లు ఎక్కడా రాయలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆంధ్ర తీరంలోని పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు దాదాపు 420 కిలోమీటర్ల మేర పడవల్లో బియ్యం, ఉప్పు, కట్టెలు వెళ్లేవి. రైళ్లు, లారీలు రవాణాను తగ్గించాయి. 1960, 70 దశకాల తుపానులు గట్లను దెబ్బతీశాయి.

వ్యాఖ్యాత: ఇంజినీరు గారూ, వాడుకలో లేని కాలువ వల్ల ప్రమాదం ఏమిటి?

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: పడవలు ఆగినా నీరు రావడం ఆగదండి. పూడిక పేరుకున్నచోట మోకాటి లోతు, పక్కనే గట్టు కోసుకుపోయినచోట నిలువెత్తు గుంట ఉండవచ్చు; పైనుంచి చూస్తే తేడా తెలియదు. శిథిలమైన లాకుల గోడలెక్కి పిల్లలు ఈతకు దూకుతారు, అక్కడ కనీసం హెచ్చరిక బోర్డయినా ఉండాలి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం, కాలువను ఖాళీ స్థలంగా చూడడం. చెన్నై నగరంలో రైలు మార్గం స్తంభాలను కాలువలోనే నిలబెట్టారు. ఇరుకైన కాలువ వానాకాలంలో ఎంత నీటిని మోయగలదు? 2004 సునామీ నాడు ఆంధ్ర తీరంలో ఈ కాలువ అలల నీటిని తనలో నింపుకొని, చాలాచోట్ల ఉధృతిని తగ్గించింది. దీన్ని పూడ్చడమంటే తీరగ్రామాలకున్న కవచాన్ని తీసివేయడమే.

వ్యాఖ్యాత: 2008లో దీన్ని జాతీయ జలమార్గం–4లో చేర్చారు కదా. పడవలు మళ్లీ నడుస్తాయా?

ఇంజినీరు: సరుకు రవాణా మాట తరువాత చూద్దాం. ముందు సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి, ముఖద్వారాల్లో ఇసుక మేటలు తీయాలి, గట్ల మీది సర్కారు తుమ్మను తొలగించి తీరానికి తగిన చెట్లు పెంచాలి.

మత్స్యకారుల ప్రతినిధి: మేటలు తీయడం మాకూ మేలేనయ్యా, ఆటుపోట్లు ఆడితేనే పులికాట్ సరస్సులోకి రొయ్య, చేప పిల్లలు వస్తాయి. అయితే తీసిన పూడికను మేము వలలు ఆరవేసుకునే గట్టు మీద పోయవద్దు. పనులు ఏ నెలలో చేయాలో మా కాపులను, అంటే మా మత్స్యకార గ్రామాల పెద్దలను, అడిగి నిర్ణయించండి.

ఇంజినీరు: అది న్యాయమైన మాట. పూడిక ఎక్కడ వేయాలో అంచనాల్లోనే రాసి, గ్రామసభలో చదివి వినిపించాకే టెండరు పిలవాలి.