పాత ఆటోమేటిక్ కారులో గేర్ లివర్ మొరాయిస్తే: గేర్‌బాక్స్ దించే ముందు చూడవలసినవి

[దృశ్యం: అలిపిరి దగ్గర నీడలో ఆగిన కారు. లివర్ ‘పి’ (పార్కింగ్) దగ్గర ఉంది.]

నమస్కారం. ఇంజన్ స్టార్ట్ అయింది, కాలు బ్రేకు మీదే ఉంది, అయినా గేర్ లివర్ ‘పి’ నుంచి కదలడం లేదు. పాత ఆటోమేటిక్ కారు ఉన్నవారు ఇలాంటప్పుడు గేర్‌బాక్స్ పోయిందనే భయపడతారు. మా కారుకు ఇదే జరిగినప్పుడు ఒక షెడ్డులో బానెట్ కూడా ఎత్తకుండానే గేర్‌బాక్స్ దించాలన్నారు. తీరా చూస్తే చెడిపోయింది బ్రేక్ పెడల్ పైన ఉండే చిన్న స్విచ్. కాబట్టి లోపం లివర్ దగ్గర ఉందా, కేబుల్‌లో ఉందా, గేర్‌బాక్స్‌లోనే ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టండి.

[దృశ్యం: కారు వెనుక భాగం. బ్రేక్ లైట్లు వెలగడం లేదు.]

ఇంట్లో ఎవరినైనా కారు వెనుక నిలబెట్టి బ్రేకు తొక్కండి. చాలా ఆటోమేటిక్ కార్లలో బ్రేకు తొక్కినట్లు స్విచ్ నుంచి సంకేతం అందితేనే లివర్ కింద ఉన్న తాళం విడుతుంది. ఆ స్విచ్చే బ్రేక్ లైట్లనూ వెలిగిస్తుంది. బల్బులన్నీ ఒకేసారి మాడిపోవడం అరుదు గనుక, ఒక్క లైటూ వెలగకపోతే ఫ్యూజును, స్విచ్‌ను అనుమానించాలి. లైట్లు వెలుగుతున్నా లివర్ కదలకపోతే, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి, బ్రేకు తొక్కుతూ లివర్ మొదట్లో చెవి పెట్టండి: సన్నగా ‘టిక్’మంటే తాళం పనిచేస్తున్నట్లే, వినపడకపోతే ఆ తాళాన్ని కరెంటుతో కదిపే సోలెనాయిడ్‌నో దాని వైరింగ్‌నో చూడాలి. దారిలో ఇరుక్కుపోతే చాలా కార్లలో లివర్ పక్కనే చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి, బ్రేకు మీద కాలుంచి, లోపలి మీటను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లివర్ ‘ఎన్’ (న్యూట్రల్)లోకి వస్తుంది.

[దృశ్యం: అరచేతిలో రెండు బుష్‌లు, ఒకటి కొత్తది, ఒకటి పాతది.]

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కేబుల్ సంగతి. లివర్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే కేబుల్ చివర ఉంగరమంత బుష్, అంటే రబ్బరు లేదా ప్లాస్టిక్ చుట్టు, ఉంటుంది. కొత్తది వేళ్ల మధ్య నొక్కితే ఒత్తుకుంటుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి, మన తిరుపతి ఎండలకు ఎండిపోయిన ఈ పాతది గోటితో గీకితేనే పొడిగా రాలుతోంది. అది అరిగితే లివర్ వదులుగా ఆడుతుంది, ‘పి’లో స్టార్ట్ కాని ఇంజన్ ‘ఎన్’లో స్టార్ట్ అవుతుంది, లివర్ చూపే గేరూ లోపల పడిన గేరూ ఒకటి కాకుండా పోతాయి. 1944లో ప్రారంభమైన తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో 36 మలుపులు దిగుతూ, ఇంజన్ పట్టు కోసం లివర్‌ను ‘2’ (రెండో గేరు)లో పెట్టామనుకోండి, కేబుల్ సర్దుబాటు తప్పిన కారు లోపల ‘డి’ (డ్రైవ్)లోనే ఉండిపోవచ్చు, అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ‘పి’లో పెట్టామనుకున్న కారు వాలులో జారిపోయే ప్రమాదమూ ఇక్కడిదే.

వాలులో ఆపినప్పుడు ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, కాలు బ్రేకు వదిలి బరువును హ్యాండ్ బ్రేక్ మీదికి రానిచ్చి, మళ్లీ కాలు బ్రేకు తొక్కి ఆ తర్వాతే ‘పి’లో పెట్టండి. లేకపోతే కారు బరువంతా గేర్‌బాక్స్ లోపలి చిన్న కొక్కెం మీద వాలి, లివర్ బిగుసుకుపోయి, లాగినప్పుడు ‘ధన్’మని శబ్దం వస్తుంది. దాన్ని చాలామంది లివర్ జబ్బనుకుంటారు.

[దృశ్యం: తెల్ల గుడ్డ మీద గేర్ ఆయిల్ చుక్క.]

లివర్ సాఫీగా కదిలి, కేబుల్ సరిగా ఉండి, ‘డి’లో పెట్టిన రెండు మూడు సెకన్లకు గానీ కారు కదలకపోతే, అప్పుడు ఆయిల్ చూడండి. కొలిచే విధానం కారును బట్టి మారుతుంది గనుక మాన్యువల్ ప్రకారమే కొలవాలి. మట్టం తగ్గి ఉంటే లీకు ఎక్కడుందో వెతకాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వస్తుంటే లోపం గేర్‌బాక్స్ లోపలే ఉండవచ్చు. అలాంటి కారును తాడు కట్టి లాగించకండి; నడిపే చక్రాలు నేల మీద దొర్లితే, ఇంజన్ ఆగి ఉన్నందున లోపల ఆయిల్ తిరగక మిగిలిన భాగాలూ కాలిపోతాయి. లారీ మీదికి ఎక్కించే పంపండి.