రెండు ప్రాసెసర్లు, ఒక పెళ్లి వీడియో: పర్లాకిమిడి స్టూడియోలో రగడ

(స్థానిక కేబుల్ చానెల్ చర్చ. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. మన పర్లాకిమిడిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లు రెండు ప్రాసెసర్ల పాత కంప్యూటర్లు కొని మోసపోయామంటున్నారు. సరిహద్దు ఊరు కదా అని మనకి పాత సామాను అంటగడుతున్నారా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. చెప్పండి తమ్ముడూ.

స్టూడియో ఓనర్: ఏం చెప్పమంటారండీ. బయటి ఊరి నుంచి తెప్పించాను. లోపల ఇంటెల్ జియాన్ ఈ5-2670 ప్రాసెసర్లు రెండు. ఒక్కోదాన్లో ఎనిమిది కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, మొత్తం పదహారు. పాత మెషీన్లో పది గంటలు పట్టే రెండర్, అదే ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచెయ్యడం, దీన్లోనూ పది గంటలే. ఆడపెళ్లివారు రోజూ ఫోన్...

షావుకారు: ఆగండాగండి. మెషీన్ తప్పని ఎవరన్నారు? ఇది నేను అమ్మింది కాదు, అయినా చెబుతున్నా. 1999లోనే ఎబిట్ బీపీ6 బోర్డు మీద రెండు సెలెరాన్ ప్రాసెసర్లు పెట్టి నడిపారు. అప్పుడే నడిచింది, ఇప్పుడు నడవదా?

యాంకర్: ఆయన్ని పూర్తి చెయ్యనివ్వండి షావుకారుగారూ.

షావుకారు: చెయ్యనిస్తాను. కానీ మెషీన్ తప్పు కాదు.

లెక్చరర్: నిన్న సాయంత్రం నేనే మూత విప్పి చూశాను. బోర్డు మీద ప్రాసెసర్లు పెట్టే సాకెట్లు రెండు, దేని మెమరీ స్లాట్లు దానికి ఉన్నాయి. మెమరీ ముక్కలు, అదే ర్యామ్, నాలుగూ మొదటి ప్రాసెసర్ పక్కనే గుచ్చారు. రెండోదాని స్లాట్ల నిండా దుమ్ము. టాస్క్ మేనేజర్ తెరిస్తే సాకెట్లు ఒకటి అని చూపించింది. వేసింది విండోస్ 10 హోమ్. అది ఒక్క ప్రాసెసర్‌నే వాడుకుంటుంది. ప్రో అయితే రెండు.

షావుకారు: అదిగో! విండోస్ తప్పు. కొనేవాడు చూసుకోవాలా వద్దా?

స్టూడియో ఓనర్: వేసిచ్చింది అమ్మినవాడే కదండీ!

షావుకారు: కొనేవాడు చూసుకోవాలి.

యాంకర్: మాస్టారూ, భువనేశ్వర్‌లోనో విశాఖలోనో అయితే ఇలా అమ్మేవారా? 1936లో ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచీ మనం ఎటూ కాకుండా...

లెక్చరర్: దానికీ దీనికీ సంబంధం లేదండీ. రాత్రి ప్రో వేసి అదే వీడియో పెట్టాం. ఏడు గంటలు పట్టింది.

షావుకారు: ఐదు కాలేదేం మరి? చూశారా, సాఫ్ట్‌వేర్ తప్పు!

లెక్చరర్: కొంత నిజమే. పది గంటల పనిలో నాలుగు గంటలు ఒక్కడే చెయ్యాల్సిన పని అనుకోండి, ఇంకొకణ్ణి పిలిచినా మిగిలిన ఆరే మూడవుతుంది. నాలుగూ మూడూ ఏడు. కంప్యూటర్ ఇంజనీరు ఆమ్డాల్ 1967లోనే చెప్పాడు. అదీకాక, కాష్ కోహెరెన్స్ అని...

యాంకర్: గిడుగు రామ్మూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాస్టారూ ఇది. వాడుక భాషలో చెప్పండి.

లెక్చరర్: సరే. ఒకే కొట్లో ఇద్దరన్నదమ్ములు. అరువు ఖాతా ఒకటే, కానీ ప్రతిసారీ లోపలికి వెళ్లలేక ఎవరి చీటీ వాళ్లు జేబులో పెట్టుకున్నారు. అన్నదమ్ములు ప్రాసెసర్లు, ఖాతా మెమరీ, జేబులో చీటీ కాష్. తమ్ముడు ఒకరి బాకీ మార్చాడంటే అన్న చీటీలో ఆ లెక్క కొట్టెయ్యాలి. లేదంటే ఇద్దరూ రెండు లెక్కలు చెబుతారు. ఆ కబురు మోసే దారి హార్డ్‌వేర్‌లోనే ఉండాలి. పూర్వం అందరికీ ఒకే బస్సు...

యాంకర్: బస్సా?

లెక్చరర్: తీగల దారి అండీ. మెమరీకి వెళ్లాలన్నా అదే దారి, అక్కడ తొక్కిసలాట. 2003లో ఏఎండీ కంపెనీ ఆప్టెరాన్ ప్రాసెసర్‌తో, మెమరీని నడిపే కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకే తెచ్చింది. ఇంటెల్ 2008లో నెహలెం ప్రాసెసర్లతో అదే పని చేసింది. అప్పట్నుంచీ ఎవరి మెమరీ వాళ్ల పక్కన. పక్కవాడిది కావాలంటే రెండు ప్రాసెసర్లనీ కలిపే లింకు దాటి వెళ్లాలి, ఆలస్యం. ఇక్కడ రెండోవాడికి సొంత ర్యామ్ లేనే లేదు. ప్రతిదానికీ అన్న గుమ్మం...

షావుకారు: నా షాపుకి రండి, ర్యామ్ నేనిస్తాను! మెషీన్ తప్పు కాదని మాస్టారే అంటున్నారు.

లెక్చరర్: నేనలా అనలేదు.

(ఈ మాట షావుకారు ఇక్కడికి నాలుగోసారి అన్నారు. మధ్యలో రెండు సార్లు వదిలేశాం.)

యాంకర్: కాశీనగర్ నుంచి ఫోన్.

ఫోన్‌లో: అన్నా, ఈ మెషీన్ ఇన్వర్టర్ మీద ఎంతసేపు నడుస్తుంది?

లెక్చరర్: ఒక్కో ప్రాసెసర్‌కి 115 వాట్లు. రెండింటికే 230...

షావుకారు: బ్యాటరీ మంచిది పెట్టుకో నాయనా, నేను చెబుతా. ట్యూబులర్ తీసుకో. డిస్టిల్డ్ వాటర్ మరిచిపోకు.

(మూడు నిమిషాలు బ్యాటరీల మీదే సాగింది.)

స్టూడియో ఓనర్: నా డబ్బు సంగతి?

లెక్చరర్: నంబర్లు చూసి కొనాలి. జియాన్ ఈ5లో 2670 లాంటి నంబరుకి మొదటి అంకె రెండు, అంటే రెండు కలిసి పనిచేస్తాయి. 1650 లాంటిది ఒంటరిది, జత కట్టదు. అలాంటివి రెండు కొని...

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తమ్మీద షావుకారుగారు స్పష్టంగా చెప్పారు, మెషీన్ తప్పు కాదని. సరిహద్దు ఊళ్ల బాధ మాత్రం అలాగే ఉంది.

స్టూడియో ఓనర్: నా డబ్బండీ...

షావుకారు: రేపు షాపుకి రా తమ్ముడూ.

లెక్చరర్: డబ్బు పెట్టక్కర్లేదు, ఉన్న నాలుగు ముక్కల్లో రెండు తీసి రెండోదాని పక్కన...

(ప్రకటనలు)