ఎపిసోడ్ 41: డిబై, హ్యూకెల్, అమ్మ గిన్నె

అక్క: నమస్తే, మళ్ల మేమే. ఇయ్యాల టాపిక్ 1923ల డిబై, హ్యూకెల్ అనే ఇద్దరు సైంటిస్టులు కట్టిన మోడల్. ఉప్పు నీళ్లల్ల కరిగినంక ఏ అయాన్, అంటే ఛార్జ్ ఉన్న కణం, ఒంటరిగ తిరగదు. ప్రతిదాని చుట్టు ఎదుటి ఛార్జ్ ఉన్నవి మూగుతయి...

తమ్ముడు: బంతిల లడ్డూలు వడ్డించేటోని చుట్టు మూగినట్టు.

అక్క: సీతాఫలం ఎపిసోడ్‌ల గూడ ఇదే పోలిక చెప్పినవ్.

తమ్ముడు: ఆ ఎపిసోడ్ పేరెత్తకు. అక్కా, ముందు అమ్మ గిన్నె సంగతి. ఆదివారం ఇంటికి పోయిన. నీళ్లు కాగబెట్టే గిన్నెకు అడుగున తెల్లగ పెచ్చు కట్టింది. "ఇగో, ఫ్లోరైడంత కిందికి దిగింది, ఇగ నీళ్లు మంచియే" అంటది.

అక్క: నువ్వేమన్నవ్?

తమ్ముడు: ఏమంట? ఓ గ్లాసు తాగిన.

అక్క: నల్లగొండల పుట్టి, కెమిస్ట్రీ చదివి, గా మాటకు తలూపి వచ్చినవా!

తమ్ముడు: ఊకె తలూపలే. పెచ్చు మీద నిమ్మకాయ పిండిన. బుసబుస పొంగింది.

అక్క: పొంగిందంటే కార్బొనేట్. అది సున్నపురాయి లెక్కనేరా, కాల్షియం కార్బొనేట్. కాగబెడితే నీళ్లల్ల ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతది, కాల్షియం పెచ్చయితది. ఫ్లోరైడ్ నీళ్లల్లనే ఉంటది. నీళ్లు ఆవిరై తగ్గితే ఇంకింత చిక్కనైతది.

తమ్ముడు: అంటే అమ్మ ఫ్లోరైడ్‌ను ఆపే కాల్షియంను తీసేసి, ఆపాల్సిన ఫ్లోరైడ్‌ను ఉంచుతున్నదన్నట్టు.

అక్క: ఇప్పుడు మాట్లాడినవ్. మన గ్రానైట్ రాయి కింద గూడ గదే కథ. వాన నీళ్లు దిగుతయి, రాయిల ఉన్న నల్ల మైకా, అపటైట్ కరిగి ఫ్లోరైడ్ ఇస్తయి. నీళ్లల్ల బైకార్బొనేట్ పెరిగి కాల్షియం గదే కార్బొనేటై పడిపోతది. చెల్కల సున్నపు గడ్డలు ఏరలేదా చిన్నప్పుడు? కాల్షియం ఉన్నంతసేపు ఎక్కువైన ఫ్లోరైడ్ దానితోని కలిసి ఫ్లోరైట్ అనే ఖనిజమై పడిపోతది, అది బ్రేకులెక్క పనిచేస్తది. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ సుమారు 3 దగ్గర ఆగుతది. కాల్షియం 10కి పడితే 6 దాక పోతది.

తమ్ముడు: నాలుగో వంతుకు పడితే రెట్టింపే? నాలుగు రెట్లు గాదా?

అక్క: ఫ్లోరైట్‌ల ఒక కాల్షియంకు రెండు ఫ్లోరైడ్‌లు. అందుకే వర్గమూలం. మూగిన అయాన్ల లెక్క గూడ కలిపితే ఇంకొంచెం ఎక్కువే కరుగుతది. గక్కడనే డిబై, హ్యూకెల్ వస్తరు. అయిపోయింది మన టాపిక్.

తమ్ముడు: (నవ్వు) శ్రోతలారా, ఇంతే. నేను బోరు నీళ్ల రిపోర్టు గూడ తెచ్చిన. ఫ్లోరైడ్ 2.8.

అక్క: ఛార్జ్ బ్యాలెన్స్ చూసినవా?

తమ్ముడు: మొదలైంది.

అక్క: మొదలైతది మరి. ప్లస్ అయాన్లు, మైనస్ అయాన్లు వేరేవేరేగ మిల్లీఈక్వివలెంట్‌లల్ల, అంటే ఛార్జ్ లెక్కన, కూడితే తేడా 5 శాతం దాటొద్దు. దాటిందంటే ఏ మోడల్‌కు పెట్టినా ఉత్తదే. తేడా సరిగ్గ సున్నా వచ్చిందనుకో, నాకు ఇంకా అనుమానం. సోడియం కొలవకుండ లెక్కల మిగిలింది రాసిండ్రన్నట్టు.

తమ్ముడు: 2.8 అంటే ఎంత ఎక్కువక్కా?

అక్క: బీఐఎస్, అంటే మన దేశంల ప్రమాణాలు పెట్టే సంస్థ, ఇంక వేరే దారి లేకుంటే ఒప్పుకునేదే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. (ఆగి) పెద్దనాయన నడుము గుర్తున్నదా?

తమ్ముడు: ఆకాశం చూడాలంటే మంచం మీద పండుకునేటోడు.

అక్క: ఊఁ.

తమ్ముడు: మరి అమ్మకు పటిక, సున్నం వేయమని చెప్పనా? నల్లగొండ పద్ధతి. ఊరి పేరు పెట్టిండ్రు, మనం వాడకుంటే ఎట్ల.

అక్క: పటిక వేస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకపోతయి, నిజమే. గనీ మోతాదు తప్పితే నీళ్లల్ల అల్యూమినియం మిగులుతది. అమ్మ పిడికిలి లెక్క నీకు తెల్వదా? పచ్చడి ఉప్పు యాదికి తెచ్చుకో.

తమ్ముడు: అయ్యో, ఆ పచ్చడి.

అక్క: మంచినీళ్ల నల్ల వస్తున్నది గదా, తాగనీకి గవే పట్టుకోమను. రిపోర్టుల సోడియం ఎంత?

తమ్ముడు: సోడియం... ఆ గడి ఖాళీ ఉన్నది.

అక్క: ఖాళీనా! పైసలు తీసుకొని సోడియం కొలవలేదా? ఇగ ఛార్జ్ బ్యాలెన్స్ ఎట్ల...

తమ్ముడు: ఆగక్కా, అమ్మ ఫోన్.

అక్క: స్పీకర్‌ల పెట్టు. గిన్నె తోమిందేమో అడుగు.