సంచిలోని గోలీలన్నీ చూపించండి
(నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో మహిళా సంఘాల సభ్యులతో ఒక ఫార్మసిస్ట్ మాట్లాడిన మాటలు)

అక్కలకు, అవ్వలకు, వెనుక నిలబడ్డ అన్నలకు నమస్తే.

మన వైపు మోకాళ్ల నొప్పి లేని ఇల్లు వెతకాలంటే కష్టమే. నాట్లకు వంగి వంగి కొందరికి, వయసుతో కీళ్లు అరిగి కొందరికి, ఏళ్లకేళ్లు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఇంకొందరికి. కృష్ణా నీళ్లు వచ్చినా, అప్పటికే ఎముకల్లో చేరింది తొందరగా పోదు. నొప్పి గోలీ మానేయండని చెప్పడానికి నేను రాలేదు. కీళ్లవాతంతో పొద్దున్నే వేళ్లు మడవలేని మనిషికి అదెంత అవసరమో నాకు తెలుసు.

మా అమ్మ సంగతి చెప్తాను. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. మోకాళ్లకు డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ రాశారు, పది రోజులకు. పది రోజులు దాటాక కూడా అదే చీటీతో తెచ్చుకుంటూనే ఉంది. నడుము పట్టేస్తే ఇంకోచోట ఎసిక్లోఫెనాక్ ఇచ్చారు. పేరు వేరు, రంగు వేరు కదా అని రెండూ వేసుకుంది. రెండూ ఒకే జాతి మందులు. పైగా గుండెకు వేసుకునే చిన్న ఆస్పిరిన్. కొన్నాళ్లకు విరేచనం తారులా నల్లగా వచ్చింది. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని ఆసుపత్రికి పోయాకే తెలిసింది. అంతవరకు కడుపునొప్పే లేదు.

వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను ఈ జాతి నొప్పి గోలీ తగ్గిస్తుంది. కడుపు లోపలి పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం అందేలా చూసేవి కూడా అవే. అందుకే సూది వేయించుకున్నా కడుపుకు ముప్పు తప్పదు. తిన్నాక వేసుకుంటే మంట తగ్గొచ్చు, పుండు పడదన్న భరోసా మాత్రం లేదు. ముప్పున్నవాళ్లకు డాక్టరు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ లాంటిది కలిపి రాస్తారు, అడగండి.

నాకు ఎక్కువ భయం ఎండాకాలమంటేనే. ఉపాధి పనిలో చెమటలు కారి, నీళ్లు సరిగా తాగక, ఇంటికొచ్చి గోలీ వేసుకుంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడే కిడ్నీలకు ఆ పదార్థాల అవసరం ఎక్కువ. బీపీకి టెల్మిసార్టన్, దాంతోపాటు మూత్రం పోయే గోలీ వాడేవాళ్లకు ఇంకా ప్రమాదం. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజు అసలే వేసుకోవద్దు. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి పంపేవి ముఖ్యంగా కిడ్నీలే. అవి దెబ్బతింటే మన వైపు మనిషికి రెండు విధాలా నష్టం.

గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ నొప్పి గోలీలను ముట్టొద్దు. మోకాలు ఒక్కటే నొప్పయితే పూసుకునే జెల్ సరిపోతుందేమో కనుక్కోండి, అది రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. నల్ల విరేచనం, రక్తపు వాంతి, మూత్రం తగ్గడం, ముఖం ఉబ్బడం, ఆయాసం కనిపిస్తే గోలీ ఆపి అప్పుడే ఆసుపత్రికి పోవాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

మెడికల్ షాపులో రెండు గోలీలే కొన్నా, మందు పేరున్న ముక్క కత్తిరించి ఇవ్వమనండి.

ఇక సంచులు విప్పండి. నేను ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. షీట్ వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివి, ఏ రెండు ఒకే మందో కలిసి చూద్దాం. బీపీ, షుగర్ గోలీలు కూడా తీయండి. చూపు ఆననివాళ్లు ముందు రండి.